సైనికుని ఇల్లాలు: బదిలీలు, బడులు, కాగితాలు

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం సైన్యంలో పనిచేస్తున్నవారి భార్యలు రాసినవే. రెండు మూడేళ్లకోసారి కాపురాన్ని ఒక చోటి నుంచి ఎత్తి మరో చోట దించవలసి రావడమే వారందరి బాధ. వాటిలో నాలుగింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. నేనూ సైనికుని భార్యగా కంటోన్మెంట్లలో కాపురం చేసినదానిని కనుక కొన్ని చోట్ల నా అభిప్రాయం నిర్మొహమాటంగానే చెబుతాను.

ప్రశ్న: మా వారు సైన్యంలో హవల్దారు. జబల్‌పూర్‌లో క్వార్టర్‌లో ఉంటున్నాము. ఇప్పుడు ఆయనకు ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది, కుటుంబాన్ని తీసుకువెళ్లే వీలు లేదు. అబ్బాయి కేంద్రీయ విద్యాలయంలో ఎనిమిదో తరగతి పూర్తిచేయబోతున్నాడు. అమ్మాయి మూడో తరగతి. అత్తగారు, మామగారు ఊరికి వచ్చేయమంటున్నారు. బడి మారనని పిల్లవాడు ఏడుస్తున్నాడు. భర్త దగ్గర లేకుండా పరాయి ఊళ్లో ఉంటే నలుగురూ ఏమనుకుంటారోనన్న మాట నన్ను కలవరపెడుతోంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు మీ అబ్బాయి తరగతి సంగతి చూద్దాం, ఎందుకంటే మీ నిర్ణయం అక్కడే సగం తేలిపోతుంది. సీబీఎస్ఈ బోర్డు పదో తరగతి పరీక్షకు విద్యార్థుల పేర్లను తొమ్మిదో తరగతిలోనే నమోదు చేసుకుంటుంది, పన్నెండో తరగతికి పదకొండులో నమోదు చేస్తుంది. తొమ్మిదిలో నమోదైన పిల్లవాడిని పదో తరగతిలో మరో బడికి మార్చాలంటే తండ్రి బదిలీ ఉత్తర్వు వంటి కారణం చూపించి బోర్డు అనుమతి తెచ్చుకోవాలి. అది అసాధ్యం కాదు కాని, పరీక్షల ఏడాదిలో ఆ తిరుగుడు పిల్లవాడికీ మీకూ అవసరమా అన్నదే ప్రశ్న. కాబట్టి బడి మార్చేదే అయితే ఎనిమిది పూర్తయిన ఈ వేసవిలోనే మార్చాలి, మార్చకపోతే పదో తరగతి పరీక్షలు ముగిసేవరకు కదలకూడదు. మధ్యలో మార్చడం మాత్రం వద్దు.

మారడమే జరిగితే ఎక్కడికి మార్చాలి అన్నది రెండో సంగతి. ఊళ్లో రాష్ట్ర బోర్డు బడిలో చేర్పిస్తే సిలబస్ మారుతుంది, దానితోపాటు ఇంతకాలం హిందీ, సంస్కృతం చదివిన పిల్లవాడు ఒక్కసారిగా తెలుగు ప్రథమ భాషగా పద్యాలు, వ్యాకరణంతో పరీక్ష రాయవలసి వస్తుంది. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడే పిల్లలు కూడా దీనిలో ఎంత నలిగిపోతారో నేను దగ్గరగా చూశాను. కేంద్రీయ విద్యాలయాలు 1963లో సైనిక స్థావరాలలోని 20 రెజిమెంటల్ పాఠశాలలతో మొదలైనవి. తల్లిదండ్రులకు బదిలీలు అయ్యే పిల్లల చదువు తెగిపోకూడదన్నదే వాటి పుట్టుకకు కారణం. ఒక కేంద్రీయ విద్యాలయం నుంచి టీసీ తీసుకుని తండ్రి బదిలీ మీద మరొక దానిలో చేరే పిల్లవాడికి ప్రవేశం సులభం, బయటి పిల్లలకు తొమ్మిదో తరగతి ప్రవేశానికి పెట్టే పరీక్ష అతనికి ఉండదు. ఆ గొలుసు ఒకసారి తెంచుకుని బయటి బడికి వెళితే, తిరిగి లోపలికి రావడం అంత తేలిక కాదు. మీ ఊరికి అందుబాటులో కేంద్రీయ విద్యాలయం ఉంటే అత్తగారి మాట వినడంలో తప్పు లేదు. లేకపోతే ఆలోచించండి.

ఇక ఫీల్డ్‌లో ఉన్నవారి కుటుంబాలకు కొన్ని స్టేషన్లలో ప్రత్యేకంగా క్వార్టర్లు కేటాయిస్తారు, వాటినే అందరూ ఎస్ఎఫ్ (సెపరేటెడ్ ఫ్యామిలీ) క్వార్టర్లు అంటారు. దరఖాస్తు మీ వారి యూనిట్ ద్వారా వెళ్లాలి, వెయిటింగ్ లిస్టు ఉంటుంది, ప్రతి స్టేషన్‌లోనూ ఖాళీలు ఉండవు. కాబట్టి పోస్టింగ్ ఉత్తర్వు చేతికి అందిన వారంలోనే దరఖాస్తు పెట్టించండి. ప్రస్తుతం ఉన్న క్వార్టర్‌ను కొంతకాలం అట్టిపెట్టుకునే వీలు ఉందేమో కూడా మీ వారిని యూనిట్‌లో అడిగి తెలుసుకోమనండి. ఈ రెండూ కుదరనప్పుడు కంటోన్మెంట్‌కు దగ్గరలో అద్దెకు ఉండడం మూడో మార్గం. మిలిటరీ ఆస్పత్రి, క్యాంటీన్, బడి నడిచి వెళ్లేంత దూరంలో ఉండడం ఎంత ధైర్యమో, పిల్లవాడికి అర్ధరాత్రి జ్వరం వచ్చిన రోజున తెలుస్తుంది.

నలుగురి మాట గురించి రాశారు. ఎస్ఎఫ్ క్వార్టర్ల వరుసలో ప్రతి ఇంట్లోనూ మీలాంటి పరిస్థితిలో ఉన్న ఇల్లాలే ఉంటుంది, అక్కడ ఎవరూ మిమ్మల్ని వింతగా చూడరు. భర్త ఫీల్డ్‌కు వెళ్లిన ప్రతిసారీ భార్య మూటాముల్లె సర్దుకుని అత్తింటికో పుట్టింటికో చేరి తీరాలన్న అలవాటు పిల్లల చదువును చాలా ఇళ్లలో దెబ్బతీసింది, ఈ మాట నేను బాధతోనే అంటున్నాను. అయితే మీ అత్తమామల ఆరోగ్యం బాగా లేక వారికి మీ అవసరం ఉంటే అది వేరే సంగతి, దానిని చదువుతో సమానంగా తూచి చూడాలి. వారికి ఈ నిర్ణయాన్ని మీరు ఒక్కరే చెప్పవద్దు. మీ వారే స్వయంగా, వీలైతే సెలవులో ఎదురుగా కూర్చుని, పిల్లవాడి పదో తరగతి దాకా ఇలా అనుకుంటున్నామని చెప్పడం మంచిది. వేసవి సెలవులలో పిల్లలను ఊరికి తీసుకువచ్చి నెలరోజులు ఉంటానని మీరు మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి.

క్వార్టర్ మారేటప్పుడు ఒక్క జాగ్రత్త. కొత్త క్వార్టర్ తాళాలు చేతికిచ్చే రోజున ఎంఈఎస్ (సైనిక భవనాల బాగోగులు చూసే విభాగం) మనిషి జాబితా పట్టుకుని వస్తాడు. ఫ్యాన్లు, కుళాయిలు, కిటికీ అద్దాలు, తలుపు గడియలు అన్నీ అందులో ఉంటాయి. తొందరలో ఉన్నా, ఇంటినిండా సామాను చిందరవందరగా పడివున్నా, జాబితాలోని ప్రతి వస్తువునూ కళ్లతో చూసి, పగిలిన అద్దాన్నీ కారే కుళాయినీ అక్కడే రాయించి, ఫోన్‌లో ఫోటో తీసుకున్న తరువాతే సంతకం పెట్టించండి. ఆనాడు రాయించకపోతే ఖాళీ చేసేనాడు అదంతా బ్యారక్ డ్యామేజి కింద మీ వారి జీతంలో కోత పడుతుంది.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ, బీఈడీ చదివాను. పెళ్లయిన తరువాత మూడు చోట్ల ప్రైవేటు బడుల్లో పనిచేసి, ప్రతిసారీ బదిలీ వల్ల మానేశాను. ఇంటర్వ్యూలలో ఎందుకింత తరచుగా మానేశారని అడుగుతున్నారు. మా అన్నయ్య డీఎస్సీకి చదవమంటున్నాడు. నాకంటూ ఒక ఉద్యోగం నిలబడే దారి ఉందా?

సమాధానం: ఉంది, కాని డీఎస్సీ గురించి ముందు నిజం చెప్పుకోవాలి. డీఎస్సీలో వచ్చే పోస్టు జిల్లాకు కట్టుబడినది. దానిలో చేరితే మీ వారు పఠాన్‌కోట్‌లో ఉన్నా తేజ్‌పూర్‌లో ఉన్నా మీరు సొంత జిల్లాలోనే ఉంటారు. మీ వారి సర్వీసు చివరి దశకు వచ్చి, ఇక సొంత ఊళ్లో స్థిరపడాలని ఇద్దరూ అనుకుంటుంటే అది చాలా మంచి దారి. ఆయనతోపాటు తిరుగుతూ పనిచేయాలని మీ కోరిక అయితే, మీరు సంపాదించవలసిన అర్హత ఏ రాష్ట్రానికి వెళ్లినా చెల్లేది కావాలి.

అందుకు మొదట సీటెట్, అంటే కేంద్ర స్థాయి ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) రాయండి. టెట్ ధ్రువపత్రాలకు ఒకప్పుడు ఏడేళ్ల గడువు ఉండేది, 2021లో దానిని జీవితకాలానికి మార్చారు, కాబట్టి ఒక్కసారి గట్టెక్కితే చాలు. ఆర్మీ పబ్లిక్ స్కూళ్లను నడిపే ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ ఉపాధ్యాయుల ఎంపికకు దేశమంతటికీ కలిపి ఒకే స్క్రీనింగ్ పరీక్ష పెడుతుంది. దాని స్కోరుకార్డు చేతిలో ఉంటే, వెళ్లిన ప్రతి స్టేషన్‌లోనూ అక్కడి ఆర్మీ పబ్లిక్ స్కూల్‌లో ఇంటర్వ్యూకు నేరుగా దరఖాస్తు చేయవచ్చు. కేంద్రీయ విద్యాలయాలు కూడా విద్యా సంవత్సరం మొదలవడానికి ముందు కాంట్రాక్టు ఉపాధ్యాయుల కోసం వాక్-ఇన్ ఇంటర్వ్యూలు పెడుతుంటాయి. వాటి ప్రకటన ఆ విద్యాలయం వెబ్‌సైట్‌లోనే వస్తుంది, కొత్త ఊరి పేరు తెలిసిన రోజు నుంచీ దానిని గమనిస్తూ ఉండండి. ఈ ఉద్యోగాలు శాశ్వతమైనవి కావు, జీతం కూడా మీ చదువుకు తగినంత ఉండకపోవచ్చు. అయినా సైనిక కుటుంబాల పిల్లలకు పాఠం చెప్పే బడిలో, మీరు బదిలీ మీద వచ్చారంటే ఎవరూ కనుబొమలు ఎగరవేయరు, అక్కడి టీచర్లలో చాలామంది మీలాగే వచ్చినవారు.

కేంద్ర ప్రభుత్వంలో శాశ్వత ఉద్యోగం సాధించగలిగితే మరీ మంచిది. భార్యాభర్తలిద్దరినీ వీలైనంతవరకు ఒకే చోట ఉంచాలని కేంద్ర సిబ్బంది శాఖ 2009లో ఉత్తర్వులు ఇచ్చింది. ఫీల్డ్ పోస్టింగులకు అవి పనికిరావు కాని, కుటుంబంతో ఉండే వీలున్న పీస్ స్టేషన్‌కు వచ్చినప్పుడు దరఖాస్తు చేసుకోవడానికి ఆధారంగా ఉంటాయి.

ఇంటర్వ్యూలో అడిగే ఆ ప్రశ్న సంగతి. దాచవలసిన విషయం ఏదీ అందులో లేదు. దరఖాస్తులోనే ప్రతి ఉద్యోగం పక్కన "భర్త సైనిక బదిలీ కారణంగా విరమణ" అని రాసెయ్యండి. దానికంటే ముఖ్యమైనది అనుభవ ధ్రువపత్రం. మీరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ తరగతులకు, ఏ సబ్జెక్టు చెప్పారో బడి లెటర్‌హెడ్ మీద రాయించి, ప్రిన్సిపాల్ సంతకం, ముద్రతో తీసుకోండి. ఊరు వదలకముందే తీసుకోవాలి. సామాను లారీ వెళ్లిపోయిన తరువాత ఫోన్ చేస్తే ప్రిన్సిపాల్ మారిపోయారంటారు, రిజిస్టర్ దొరకడం లేదంటారు, చివరకు మూడేళ్ల శ్రమకు కాగితం లేకుండా పోతుంది. గడచిన మూడు బడులకూ ఇవాళే ఉత్తరం రాసి అడగండి. అనుభవాన్ని అంచెలంచెలుగా పేర్చుకుంటూ పోయిన సైనికుల భార్యలు తరువాత వైస్ ప్రిన్సిపాళ్లుగా, ప్రిన్సిపాళ్లుగా ఎదగడం నేను చూశాను. మీ చదువు ఆ స్థాయికి సరిపోతుంది.

ప్రశ్న: నాకు పెళ్లై నాలుగు నెలలు. ఆయన సెలవు అయిపోయి డ్యూటీకి వెళ్లిపోయారు. క్వార్టర్ వచ్చాక తీసుకువెళతానన్నారు. అప్పటిలోగా నేను ఏమైనా సిద్ధం చేసుకోవాలా?

సమాధానం: బట్టలూ గిన్నెలూ తరువాత చూసుకోవచ్చు, ముందు మీ పేరు సరిచేసుకోండి. సైన్యంలో ఒక పెళ్లి జరిగినట్లు లెక్కలోకి రావాలంటే పార్ట్ టూ ఆర్డర్ అనే అధికారిక ఉత్తర్వులో నమోదు కావాలి. మీకు మిలిటరీ ఆస్పత్రిలో వైద్యం, డిపెండెంట్ కార్డు, క్వార్టర్, ఎప్పుడో రావలసిన పింఛను వరకు అన్నీ ఆ ఒక్క నమోదు మీద ఆధారపడి ఉంటాయి. మన తెలుగువారి పేర్లతో ఇక్కడే చిక్కు వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో అది పొడి అక్షరంగా మారుతుంది, పెళ్లి ధ్రువపత్రంలో అత్తింటి ఇంటిపేరు వస్తుంది, యూనిట్‌లో గుమాస్తా ఇంటిపేరును చివరకు తీసుకువెళ్లి రాస్తాడు. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులు కనబడతారు. అందుచేత ఏ పేరు, ఏ ఇంగ్లీషు అక్షరాలతో ఉండాలో మీరిద్దరూ ఇప్పుడే నిర్ణయించుకుని, పెళ్లి రిజిస్ట్రేషన్, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా అన్నింటిలో అదే ఉండేలా చూసి, ఆ తరువాతే పార్ట్ టూ ఆర్డర్‌కు కాగితాలు పంపండి. నమోదైన తరువాత దాని నకలు ఒకటి మీ దగ్గర ఉండాలి.

ఆయన ఆర్మీ నంబరు, రెజిమెంటు, రికార్డ్స్ ఆఫీసు చిరునామా, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో నామినీగా ఎవరి పేరు ఉన్నదీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. అవి అడగడానికి కొత్త పెళ్లికూతుళ్లు మొహమాటపడతారు, అశుభం అనుకుంటారు. అడగండి. బాధ్యత తెలిసిన సైనికుడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. ఏ సందేహం వచ్చినా మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దారి చూపుతారు.

ఓటు సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆయనతో కలిసి నివసించడం మొదలయ్యాక మీరు కూడా సర్వీసు ఓటరుగా నమోదు చేసుకోవచ్చు.

సామాను విషయంలో నా సలహా ఒక్కటే. ప్రతి ట్రంకుపెట్టె మీద ఆయన పేరు, నంబరుతోపాటు పెట్టె సంఖ్య కూడా పెయింటుతో రాయించండి, మూత లోపలి వైపు అందులో ఏమున్నదో జాబితా అతికించండి. కాగితాల సంచి మాత్రం లారీ ఎక్కకూడదు, అది మీ చేతిలోనే ప్రయాణం చేయాలి.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. వాళ్ల నాన్నగారు ఏడెనిమిది నెలల తరువాత సెలవు మీద వస్తే దగ్గరకు వెళ్లడం లేదు, నా చెంగు వదలడం లేదు. ఆయన మొహం చిన్నబుచ్చుకుంటున్నారు. ఏం చేయాలి?

సమాధానం: ఆ వయసు పిల్లవాడికి ఎనిమిది నెలలంటే చాలా కాలం. అతను తండ్రిని మరచిపోయాడనుకోవద్దు, గుర్తున్న మనిషీ ఎదురుగా ఉన్న మనిషీ ఒకరేనని తేల్చుకోవడానికి వ్యవధి తీసుకుంటున్నాడు. వచ్చిన రోజే "వెళ్లు, నాన్న దగ్గరకు వెళ్లు" అని అందరి ముందు నెట్టకండి. మొదటి రెండు రోజులు తండ్రి అదే గదిలో తన పని తాను చేసుకుంటూ ఉంటే, పిల్లవాడే మెల్లగా దగ్గరకు వస్తాడు. ఆ తరువాత స్నానం చేయించడమో, బడికి తీసుకువెళ్లడమో ఏదో ఒక పని పూర్తిగా తండ్రికే వదిలేసి మీరు పక్కకు తప్పుకోండి. ఆయన లేని రోజుల్లో "నాన్న వస్తే చెబుతానుండు" అని బెదిరించే అలవాటు ఉంటే ఈ రోజే మానేయాలి.

సెలవంతా బంధువుల ఇళ్ల చుట్టూ, శుభకార్యాల చుట్టూ తిరగడంలోనే కరిగిపోవడం కూడా మన ఇళ్లలో మామూలే, దీనిని మీరు కొంత గట్టిగా అడ్డుకోవాలి. జవానులకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. అంతా ఒక్కసారే వాడుకోకుండా విడివిడిగా తీసుకుంటే రెండు రాకల మధ్య ఎడబాటు తగ్గుతుంది. యూనిట్‌లో ఎవరు ఎప్పుడు సెలవుకు వెళ్లాలన్నది ముందుగానే వంతులు వేస్తారు కాబట్టి, బాబు బడి సెలవుల పట్టిక రాగానే ఫోటో తీసి ఆయనకు పంపండి, ఆ తేదీలు చూపించి ఆయన తన వంతు అడుగుతారు.