డాక్టర్ సలహా: బీఎంఐ నార్మల్ అన్నారు, అయినా షుగర్ టెస్ట్ కావాలా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. అమెరికాలో ఎంఎస్ చదువుతున్నాను. ఎత్తు 160 సెం.మీ., బరువు 61 కిలోలు. నాన్నకు షుగర్ ఉంది. యూనివర్సిటీ క్లినిక్‌లో నా బీఎంఐ (ఎత్తును బట్టి వేసే బరువు లెక్క) నార్మల్ అన్నారు. నేను వలంటీరుగా వెళ్లే హెల్త్ క్యాంపులో మాత్రం ఇండియన్లకు లెక్క వేరన్నారు. నాతో వచ్చే నల్లజాతి స్నేహితురాలు మాత్రం ఒప్పుకోవడం లేదు. జాతిని బట్టి లెక్క మార్చడం వల్లే తమవాళ్లకు కిడ్నీలు ఆలస్యంగా దొరికాయంటోంది. ఎవరిని నమ్మాలి?

జవాబు: ఇద్దరినీ నమ్మొచ్చు. ముందు మీ స్నేహితురాలి మాట చూద్దాం. కిడ్నీల పనితీరును, కండల నుంచి రక్తంలోకి వచ్చే క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని బట్టి లెక్కగడతారు. వచ్చిన అంకె ఎంత తక్కువైతే కిడ్నీలు అంత దెబ్బతిన్నట్టు. 2009లో వచ్చిన సూత్రంలో, పేషెంటు నల్లజాతివారైతే వచ్చిన అంకెను 1.159తో గుణించేవారు. వాళ్ల ఒంట్లో కండ ఎక్కువని ఒక ఊహ. దాంతో 18 కాస్తా రిపోర్టులో దాదాపు 21 అయ్యేది. అక్కడ కిడ్నీ మార్పిడికి వెయిటింగ్ లెక్క మొదలవ్వాలంటే అంకె 20కి మించకూడదు. అంటే అదే రక్తంతో తెల్లవాళ్లు క్యూలోకి వెళ్తే, వీళ్లు ఇంకా గుమ్మం బయటే. 2021లో జాతి ప్రస్తావన లేని సూత్రం తెచ్చారు. 2023 నుంచి, పాత లెక్కలో పోయిన రోజులను వాళ్ల వెయిటింగులో కలుపుతున్నారు. ఆ గుణకాన్ని తీసేయమని పట్టుబట్టినవాళ్లలో మీ వయసు మెడికల్ స్టూడెంట్లు కూడా ఉన్నారు.

మీ బరువు సంగతి వేరు. ఇందులో ఊహ లేదు. దక్షిణాసియా వాళ్లకు తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు చేరి షుగర్ వస్తోందని కొలిచి చూసి చెప్పినదే. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాలవారికి 25 బదులు 23 బీఎంఐ నుంచే రిస్కు చూడమంటుంది. (జపాన్‌వాళ్లనూ మన గుంటూరువాళ్లనూ ఒకే ‘ఏషియన్’ గడిలో వేయడం నాకైతే నచ్చదు, అది ఇంకో గొడవ.) మీది 23.8. పైగా నాన్నగారికి షుగర్. కాబట్టి టెస్ట్ చేయించుకోవాల్సిందే.

క్లినిక్‌లో ఈ రెండు విషయాలూ చెప్పి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) అడగండి. 5.7 కంటే తక్కువొస్తే మూడేళ్ల దాకా మళ్లీ అక్కర్లేదు. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు దశ. 6.5 గానీ అంతకు మించి గానీ వస్తే కంగారు పడకుండా ఇంకోసారి చేయించి ఖాయం చేసుకోవాలి. రక్తహీనత ఉంటే ఈ టెస్ట్ తప్పు చూపించొచ్చు, మన అమ్మాయిల్లో అది మామూలే కదా, అందుకని పరగడుపు షుగర్ కూడా చూపించుకోండి. వెళ్లేముందు ఇంటికి ఫోన్ చేసి, నాన్నగారికి షుగర్ ఏ వయసులో బయటపడిందో కనుక్కోండి. అక్కడి డాక్టర్ అడుగుతారు.