వెక్కిరింత ఎవరి మీద?

ప్రశ్న: ఓట్ల కోసం మతాన్ని వాడుకునే నాయకుడిపై కార్టూన్ వేస్తే, భక్తులను అవమానించానంటున్నారు. తప్పెక్కడ?

జవాబు: చాలాసార్లు తప్పు వంకర గీతలో ఉంటుంది. నాయకుడి ముక్కునో గడ్డాన్నో సాగదీసిన చేత్తోనే మత చిహ్నాన్నీ, మొక్కేవాళ్ల ముఖాలనూ వంకర తిప్పేస్తాం. అప్పుడు దెబ్బ అందరికీ తగులుతుంది. అతిశయోక్తి నాయకుడి ఒక్కడికే, అదీ ఒకటి రెండు పోలికల్లోనే ఉంచండి. చిహ్నాన్ని ఉన్నదున్నట్టు గీసి, దాని వెనక అతను దాస్తున్నదేమిటో చూపండి: లెక్కల పుస్తకమా, ఖాళీ ఖజానానా? అసలు విమర్శ అదే. అది లేకపోతే మిగిలేది తిట్టే.

ఫ్రెంచి చిత్రకారుడు ఓనొరే దోమియే 1831లో రాజు లూయీ ఫిలిప్‌ను ప్రజల సొమ్ము మింగే భారీకాయుడిగా గీశాడు. ఆ బొమ్మకు 6 నెలల జైలుశిక్ష పడింది. అందులో ఎవరు తింటున్నారో, ఎవరు మోస్తున్నారో వివరించక్కర్లేదు.

ముందు అగ్గిపెట్టెంత చిత్తుబొమ్మలు నాలుగైదు వేయండి. నచ్చినదాన్ని, వ్యాఖ్య మూసిపెట్టి, విషయం తెలియని వ్యక్తికి 5 సెకన్లు చూపి "ఎవరిని తప్పుపడుతోంది?" అని అడగండి. "భక్తులను" అంటే వ్యాఖ్య మార్చి లాభం లేదు, బొమ్మే మార్చాలి.