అచ్చులో ఉన్నది ఉన్నట్టే దాచు

చిరంజీవికి ఆశీస్సులు.

పాత కంప్యూటర్ పత్రికల్లోని ప్రోగ్రాములు టైపు చేసి భద్రపరుస్తానన్నావు, మంచిదే. ఒక్క నియమం మాత్రం తప్పకు. పేజీలో ఉన్నది ఉన్నట్టు ఒక ఫైలు, నడిచేలా సరిదిద్దింది ఇంకో ఫైలు. రెండూ కలిపేశావంటే తప్పు పత్రికదో నీదో తర్వాత ఎవరూ తేల్చలేరు.

స్కానింగు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), గ్రేస్కేల్‌లో చేసి, నాణ్యత తగ్గని టిఫ్ బొమ్మ ఫైలుగా దాచు. చుక్కలతో అక్షరాలు వేసే డాట్ మ్యాట్రిక్స్ అచ్చుని ఇంతకంటే తక్కువలో స్కాన్ చేస్తే చుక్కకీ కామాకీ తేడా పోతుంది. కాగితం పలచనైతే వెనక నల్ల అట్ట పెట్టు, అవతలి పేజీ అక్షరాలు తొంగిచూడవు. పీడీఎఫ్ చేసేటప్పుడు నాణ్యత తగ్గించే జేబిగ్2 కుదింపు జోలికి పోకు. అది ఒకేలా ఉన్నాయనుకున్న అక్షరాలన్నిటికీ ఒకే బొమ్మ వాడుతుంది, దాంతో 6 ఉండాల్సిన చోట 8 పడవచ్చు. మసగ్గా ఉంటే అనుమానించేవాడివి, కానీ అది శుభ్రంగా, నమ్మేలా ఉంటుంది.

బొమ్మలోని అక్షరాల్ని చదివే ఓసీఆర్ వ్యాసాలకు సరిపోతుంది గానీ లిస్టింగులకు, అంటే అచ్చు వేసిన ప్రోగ్రాము వరుసలకు, సగం పనే చేస్తుంది. సున్నాని ఓ అనీ, 1ని ఐ అనీ, 8ని బీ అనీ చదువుతుంది. మామూలు మాటలో తప్పు పడితే నిఘంటువు పట్టిస్తుంది. ఉత్త అంకెలుండే డేటా వరుసలో 169 బదులు 189 పడితే పట్టించేదేదీ లేదు. అందుకని డేటా వరుసలు ఇద్దరు విడివిడిగా టైపు చేసి, రెండు ఫైళ్ళనూ తేడాలు చూపే డిఫ్ ప్రోగ్రాముతో పోల్చండి.

కొన్ని పత్రికలు చెక్‌సమ్, అంటే వరుస సరిగ్గా కొట్టావో లేదో చూసుకునే అంకె, ఇచ్చాయి, వాటిని వాడుకో. కంప్యూట్ పత్రిక 1983లో తెచ్చిన ఆటోమేటిక్ ప్రూఫ్‌రీడర్ ప్రోగ్రాము చూపే అంకెని, అచ్చులో వరుస చివర రెమ్ (వ్యాఖ్య గుర్తు) తర్వాత వేసిన అంకెతో పోల్చుకోవాలి. ఆ అంకె ప్రోగ్రాములో భాగం కాదు, నడిచే ప్రతిలోకి రానివ్వకు. ఆ తొలి రకం అక్షరాల విలువల్ని కూడుతుందంతే. 52కి 25 కొట్టినా మొత్తం మారదు గనక పట్టుకోలేదు, ఖాళీల్ని అసలు లెక్కలోకే తీసుకోదు. చెక్‌సమ్ సరిపోయిందని కళ్ళు మూసుకోకు.

కమొడోర్ 64 కంప్యూటర్ లిస్టింగుల్ని టెక్స్ట్‌గా టైపు చేసి, వైస్ ఎమ్యులేటర్‌తో (పాత యంత్రాన్ని ఇప్పటి కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాము) వచ్చే పెట్‌క్యాట్ పనిముట్టుతో ఆ యంత్రం చదివే ఫైలుగా మార్చడం సుఖం. అచ్చులో పెద్దక్షరాలున్నా నువ్వు చిన్నక్షరాలే కొట్టు. పెద్దవి కొడితే షిఫ్ట్ నొక్కినట్టు లెక్క, ఆదేశాలు గుర్తుపట్టక సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. కోట్‌ల మధ్య తిరగేసిన రంగులో హృదయం కనిపిస్తే తెర తుడవమని, ఎస్ అయితే కర్సర్ పైమూలకి పొమ్మని, క్యూ అయితే కిందికి జరగమని అర్థం. వీటిని పెట్‌క్యాట్ గుర్తించే పేర్లతో వంకీ బ్రాకెట్లలో రాయాలి.

స్పెక్ట్రమ్ కంప్యూటర్‌కి జడ్‌మేక్‌బేస్ అనే ఇలాంటి పనిముట్టే ఉంది, ఎమ్యులేటర్‌లో ఎక్కించే టేప్ ఫైలు నేరుగా ఇస్తుంది. అక్కడ చిక్కంతా ఖాళీలతోనే. 32 కాలమ్‌ల అచ్చులో కోట్ మధ్యలో వరుస విరిగితే చివర ఎన్ని ఖాళీలున్నాయో కంటికి ఆనదు, కాలమ్‌లు లెక్కపెట్టి నింపాలి.

జడ్‌ఎక్స్81 కంప్యూటర్ లిస్టింగుల్లో మొదటి రెమ్ వరుసని వ్యాఖ్య అనుకుని కత్తిరించకు. చాలా ప్రోగ్రాముల్లో మెషిన్ కోడ్ (యంత్రం నేరుగా నడిపే ఆదేశాలు) ఉండేది అక్కడే, మెమరీలో 16514 చిరునామా నుంచి. ఒక్క అక్షరం తగ్గినా కోడ్‌కి చోటు చాలదు, పక్క వరుస పాడవుతుంది.

రన్ చేసే ముందు సేవ్ చెయ్యి. ఎమ్యులేటర్ అయినా ఒక్క బైటు తప్పితే బిగుసుకుపోతుంది, అప్పటిదాకా కొట్టిందంతా పోతుంది. అవుట్ ఆఫ్ డేటా (డేటా అయిపోయింది) అనే తప్పు సందేశం వస్తే ఒక అంకె జారిపోయిందనో, కామా చుక్కగా మారి రెండు అంకెలు ఒకటయ్యాయనో చూడు. ఇల్లీగల్ క్వాంటిటీ (చెల్లని విలువ) వస్తే, ఒక బైటులో పట్టని, 255 దాటిన అంకెకోసం వెతుకు. ఎంత చూసినా తప్పు దొరకకపోతే తర్వాతి రెండు మూడు సంచికల్లో సవరణల పేజీ తిరగెయ్యి. కంప్యూట్‌లో ఆ శీర్షిక పేరు కపూట్. తప్పు అచ్చులోనే ఉండటం అరుదేమీ కాదు.

ప్రతి ఫైలు పక్కనా పత్రిక పేరు, నెల, పేజీ, రచయిత, ఏ యంత్రం, ఎంత మెమరీ, టైపు చేసిందెవరు, ఏ వరుస ఎందుకు మార్చావు అన్నవి మామూలు టెక్స్ట్‌లో రాసిపెట్టు. విక్-20 కంప్యూటర్‌కి మెమరీ సంగతి మరీ ముఖ్యం. అదనపు మెమరీ తగిలిస్తే బేసిక్ భాషలో రాసిన ప్రోగ్రాము మెమరీలో మొదలయ్యే చిరునామానే మారిపోతుంది.

పత్రిక మూతపడినంత మాత్రాన హక్కులు పోవు. అనుమతి దొరకనివి నీ దగ్గరే ఉంచుకుని, వివరాల పట్టిక మాత్రం అందరికీ ఇవ్వు.

ఇట్లు,
మీ పెదనాన్న