పాత సుమీత్ మిక్సీని అప్పుడే పారేయకండి

అమ్మగారి సుమీత్ మిక్సీ తిరిగేటప్పుడు నిప్పురవ్వలు వస్తున్నాయి, చెన్నైలో ఎవరూ ముట్టుకోవట్లేదు అన్నారు కదండీ. కార్బన్ బ్రష్‌లు (మోటారులో తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే చిన్న ముక్కలు) అరిగి ఉంటాయి, ముందు అవి చూపించండి. కొత్త మిక్సీలు అమ్మే షాపులకు కాదు, మోటారు వైండింగ్ చేసే కొట్టుకి తీసుకెళ్లండి. బ్రష్‌లు దొరక్కపోతే మౌంట్ రోడ్డు దగ్గర రిచీ స్ట్రీట్‌లో అడగండి. అరిగిన ముక్కనే శాంపిల్‌గా పట్టుకెళ్లాలి, కాస్త లావైనా గూట్లో ఇరుక్కుంటుంది.

మాదైతే ఒకాయన మూత కూడా విప్పకుండా "మోటారు పోయిందమ్మా" అనేశాడు. ఇంకోచోట బ్రష్‌లు మార్చి, కమ్యుటేటర్ (ఆ బ్రష్‌లు ఆనుకునే రాగి భాగం) మీది మసి తుడిచిచ్చారు. ఇప్పుడు గారెల పిండి గట్టిగా రుబ్బినా మూలగట్లేదు!

మోటారు తిరుగుతూ బ్లేడు మాత్రం కదలకపోతే అది కప్లర్ (మోటారుని జార్‌లోని బ్లేడుతో కలిపే ముక్క) అరుగుదల. అందుకే జార్ కూడా వెంట తీసుకెళ్లండి.