ఆందోళన ఉన్న పిల్లలు థెరపీ మధ్యలోనే ఎందుకు మానేస్తారు?

ఒక ముఖ్య కారణం, చికిత్స ఎలా సాగుతుందో ఇంట్లోవాళ్లకు ముందే తెలియకపోవడం. పిల్లల ఆందోళనకు వాడే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లు ఉంటుంది. మొదటి వారాల్లో భయాన్ని గుర్తుపట్టడం, ఆలోచనను పరీక్షించుకోవడం నేర్పుతారు. పిల్లలకు ఇది హాయిగానే ఉంటుంది. అసలు పని తర్వాత మొదలవుతుంది. భయపెట్టే పరిస్థితులకు 0 నుంచి 10 వరకు మార్కులు వేసి, తేలికైన దానితో మొదలుపెట్టి ఒక్కొక్కటే ఎదుర్కోవాలి. దీన్నే ఎక్స్‌పోజర్ అంటారు. క్లాసులో నోరు విప్పని పిల్లాడు ముందు టీచరుతో విడిగా ఒక మాట మాట్లాడతాడు, తర్వాత పక్క పిల్లల ముందు, ఆపైన క్లాసంతటి ముందు.

ఈ దశలో కొందరికి ఏడుపు, కడుపునొప్పి కొన్నాళ్లు ఎక్కువవుతాయి. "ఇది మనవాడికి పడలేదు" అని కొందరు ఇక్కడే ఆపేస్తారు. ఇంకొందరు నాలుగైదు సెషన్లకే కుదుటపడ్డాడనుకుని మానేస్తారు. ఎక్స్‌పోజర్ జరగకుండా ఆగితే భయం మళ్లీ తిరగబెట్టవచ్చు.

పైగా తప్పించుకోవడమే ఈ సమస్య స్వభావం. "ఈ వారం వద్దులే" అంటే వెంటనే వచ్చే ఉపశమనమే పై వారం ఎగవేతకు బలం. ఫీజు, దూరం, ట్యూషన్లు సరేసరి. పరీక్షలొస్తే ముందు కోత పడేది దీనికే.

ఎక్స్‌పోజర్ ఎన్నో సెషన్‌లో మొదలవుతుందో మొదటి రోజే అడగండి. ఎక్స్‌పోజర్‌లో ఏ మెట్టయినా మరీ కష్టంగా ఉంటే దాన్ని రెండుగా విడగొట్టమనండి. మానేయాలనిపిస్తే చెప్పకుండా ఆపేయకండి; ఒక సెషన్ ఆ విషయానికే కేటాయించమనండి. దగ్గర్లో నిపుణులు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.