చేయి పైకి లేవని అమ్మ, నైటీ అంటే గిట్టని కొడుకు

ఉత్తరం: మాది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. నాకు 61 ఏళ్లు. మా ఆయన పోయాక నాలుగేళ్లుగా నల్గొండలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఊరి నీళ్ల వల్ల కీళ్లు బిగుసుకుపోయాయని డాక్టర్లు ఏనాడో చెప్పారు. చీర కట్టుకోవడానికి అవస్థ పడుతున్నానని కిందటేడాది మా కోడలు రెండు నైటీలు తెచ్చింది. అప్పటి నుంచి ప్రాణం హాయిగా ఉంది. పైన తువ్వాలు కప్పుకుని పాలకు వెళతాను, మనవడిని స్కూలు బస్సు ఎక్కించి వస్తాను. మొన్న మా అబ్బాయి వీధిలో అందరి ముందు, ‘ఈ అవతారంతో బయటికి రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి, నా పరువు తీస్తున్నావు’ అని కేకలు వేశాడు. వాడి ఆఫీసు వాళ్లెవరో నన్ను చూశారట. వారం రోజులుగా నేను గడప దాటలేదు. నొప్పుల సంగతి వాడికి పూర్తిగా చెప్పలేదు, బెంగ పెట్టుకుంటాడని. ఈ వయసులో నేను చేస్తున్నది తప్పా? మా మనవరాలితో రాయిస్తున్నాను.

జవాబు: అమ్మా, తప్పు కాదు. వారం రోజులుగా గడప లోపలే కూర్చున్న మనిషిని ఇంకాసేపు కూర్చోబెట్టడం ఇష్టం లేక ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. రేపు పొద్దున పాలకు మీరే వెళ్లండి.

ఇక మీ ఉత్తరం చివర్లో ఒక మాట ఉంది. నొప్పుల సంగతి వాడికి పూర్తిగా చెప్పలేదు అన్నారు. ఉత్తరం మూడుసార్లు చదివాను, మూడుసార్లూ నా చూపు అక్కడే ఆగింది. మీ ఇంట్లో గొడవ నైటీతో మొదలైనట్టు కనిపిస్తోంది కానీ, దాని వేరు ఆ చెప్పని మాటలో ఉందని నాకు అనిపిస్తోంది.

మర్రిగూడ అంటే ఈ జిల్లాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర లేదు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ వైపు బావుల్లో, బోర్లలో అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగే మీ తరం పెరిగింది, పొలం పని చేసింది, పిల్లల్ని కన్నది. ఆ ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. కీళ్లను పట్టి ఉంచే మెత్తటి కట్టు కూడా గట్టిపడుతుంది. మెడ తిరగదు, నడుము వంగదు, భుజం లేవదు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు ఆ బాధ తప్పుతుంది, అది చాలా పెద్ద మేలు. మీ ఒంట్లో ముందే చేరిపోయినది మాత్రం వెనక్కి పోదు.

అలాంటి ఒంటితో చీర కట్టుకోవడమంటే ఏమిటో నేను కళ్లారా చూశాను. మీ వైపు నుంచే నా దగ్గరికి వచ్చే ఒక తల్లి ఉండేది. కుచ్చిళ్లు పోసుకోవడానికి వంగలేక మంచం మీద పడుకుని చీర చుట్టుకునేది. చేయి చెవి దాటి పైకి పోదు కాబట్టి కొంగును తలుపు గడియకు తగిలించి, వెనక్కి తిరిగి, భుజాన్నే దాని కిందికి తెచ్చుకునేది. ఆ తర్వాత పిన్నీసు పెట్టమని పక్కింటి అమ్మాయిని పిలిచేది. ఐదున్నర మీటర్ల గుడ్డ ఒంటికి చుట్టుకోవడానికి ఆమెకు ముప్పావు గంట పట్టేది. తెల్లవారుజామున మరుగుదొడ్డికి వెళ్లాలంటే ఆ కుచ్చిళ్లన్నీ ఎత్తి పట్టుకోవాలి. తడి నేల మీద అంచు కాలికి అడ్డం పడితే ఇక అంతే. ఈ వయసులో తుంటి విరిగితే మంచం దిగడమే గగనం. మీకు నైటీ తెచ్చిన కోడలు ఇదంతా గమనించింది. ఆమెను మీరు ఒక్కసారైనా పిలిచి, దగ్గర కూర్చోబెట్టుకుని, ‘నా కష్టం కనిపెట్టావు తల్లీ’ అని చెప్పండి. చాలా ఇళ్లల్లో కోడళ్లు ఈ మాట కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు.

మీ అబ్బాయి ఇదేమీ చూడలేదు. మీరే చూడనివ్వలేదు. అతను నిద్ర లేచేసరికి మీరు తయారై ఉంటారు. ఎలా ఉన్నావమ్మా అంటే బాగానే ఉన్నాను నాయనా అంటారు. అతని కళ్లలో మీరు ఇంకా కొంగు నడుముకు దోపి నాట్లు వేసిన అమ్మే. ఆ అమ్మ ఉన్నట్టుండి నైటీలో వీధిలోకి వస్తే, ఒంట్లో సత్తువ తగ్గిందని అతనికి తోచలేదు, పట్నం వచ్చి మారిపోయిందని తోచింది. అతని కేకల్ని నేను సమర్థించడం లేదు. కానీ సంగతి తెలియని మనిషిని, తెలిసీ మనసు లేని మనిషిని ఒకే గాటన కట్టలేను.

పరువు విషయానికి వద్దాం. నేను నల్గొండలో ఉండబట్టి చాలా ఏళ్లయింది. లుంగీ కట్టుకుని, బనియను మీద భుజాన తువ్వాలు వేసుకుని, కిరాణా కొట్టుకూ టీ కొట్టుకూ వెళ్లే మగవాళ్లను రోజూ చూస్తాను. లుంగీ కూడా పడుకునేటప్పుడు కట్టుకునేదే. ఎవరి పరువూ పోయినట్టు నేను వినలేదు. మెడ నుంచి పాదాల దాకా కప్పే నైటీ, దాని మీద తువ్వాలు వేసుకుని వెళితే మాత్రం ఇంటి పరువు వీధిన పడుతుందట! ఈ లెక్క నాకు ఎన్నటికీ మింగుడుపడదు.

ఇది మీ ఇంటి సంగతే కూడా కాదు. 2018లో పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో ఊరి పెద్దలు కూర్చుని, పగటి పూట ఆడవాళ్లు నైటీతో బయటికి రాకూడదని కట్టుబాటు పెట్టారు. వచ్చినవాళ్లకు 2,000 రూపాయల జరిమానా, చూసి చెప్పినవాళ్లకు 1,000 బహుమానం. సంగతి పత్రికల్లోకి ఎక్కాక అధికారులు ఊరికి వెళ్లి విచారించాల్సి వచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ల మీద కన్నేసి ఉంచడానికి డబ్బు ఇస్తామన్న ఆ రెండో ముక్క నాకు జరిమానా కంటే ఎక్కువ బాధ కలిగించింది. ఇంగ్లండులో కూడా 2016లో డార్లింగ్టన్ అనే పట్టణంలో, పిల్లల్ని దింపడానికి పైజామాల్లో రావద్దని ఒక బడి ప్రధానోపాధ్యాయురాలు తల్లిదండ్రులకు ఉత్తరం పంపింది. ఆ పైజామా అసలు మన వైపు పగలు తొడుక్కునే బట్టే. పేరు పారశీకం నుంచి వచ్చింది, కాళ్లకు తొడిగేది అని అర్థం. ఇక్కడ కొలువు చేసిన ఇంగ్లీషువాళ్లు తీసుకువెళ్లి రాత్రి బట్టగా మార్చుకున్నారు. ఒక చోట పగటి బట్ట, ఇంకో చోట పడక బట్ట.

మీరే గుర్తు చేసుకోండి. మీ అమ్మమ్మల కాలంలో ముందు ముడి వేసుకునే రవికలు. ఆ తర్వాత హుక్కుల జాకెట్టు వస్తే ఇదేం సోకు అన్నవాళ్లున్నారు. ఆడపిల్లలు లంగా ఓణీ మాని పంజాబీ డ్రెస్సు వేసుకున్నప్పుడు ఎంత రభస జరిగిందో మీరు చూసే ఉంటారు. ఇవాళ అదే డ్రెస్సు వేసుకున్న పిల్లను పద్ధతిగా ఉంది అంటున్నారు.

అయితే ఏ బట్టయినా ఎక్కడికైనా వేసుకుని వెళ్లవచ్చని నేను అనను. పాల కొట్టు, బస్సు ఆగే చోటు, పక్కిల్లు, ఇవన్నీ ఇంటి వాకిలికి కొనసాగింపే. బ్యాంకుకు, బడిలో టీచరును కలవడానికి, పెళ్లికి, చావుకు వెళ్లినప్పుడు ఎదుటివాళ్ల కోసం కాస్త తయారవడం మనం వాళ్లకు ఇచ్చే మర్యాద. పలచటి నైటీ ఎండలో నిలబడితే ఒళ్లు కనిపిస్తుంది, ఆ ఇబ్బంది మీకే. అందుకని రాత్రి వేసుకునేవి వేరు, పగలు వేసుకునేవి వేరుగా పెట్టుకోండి. పోచంపల్లి నూలు ఇక్కత్ గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది. కాస్త దళసరిది తీసుకుని, మోచేతుల దాకా చేతులు, రెండు వైపులా జేబులు పెట్టించి పొడుగు గౌను కుట్టించుకోండి. మెడ దగ్గర నుంచి నడుము దాకా ముందువైపు బొత్తాలు ఉండాలి, కిందికి జార్చి కాళ్ల మీదుగా తొడుక్కునేటంత వదులు ఉండాలి. తల మీదుగా తొడుక్కునేది అయితే మళ్లీ చేతులు ఎత్తాల్సిందే కదా. అంచు చీలమండ పైకి ఉంచమనండి, కాలికి తగలకుండా. పెళ్లిళ్లకు, బతుకమ్మకు చీరే కట్టుకోవాలని మీకు ఉంటే, మీ పెట్టెలోని చీరనే కుచ్చిళ్లు కుట్టి, నడుము దగ్గర హుక్కులు పెట్టి ఇచ్చే టైలర్లు ఉన్నారు. లంగా తొడుక్కున్నంత సులువుగా కట్టుకోవచ్చు.

ఇంకొక సంగతి. నొప్పి దాచుకునేవాళ్లు చాలామంది మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కుని రోజూ మింగుతూ ఉంటారు. మీరు కూడా అలా చేస్తుంటే ఆపండి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎముకల డాక్టరుకు చూపించండి. ఉన్న కదలిక పోకుండా కాపాడుకునే వ్యాయామాలు ఉంటాయి. ఈసారి మీ అబ్బాయినే వెంట తీసుకువెళ్లండి. డాక్టరు మీ చేయి పట్టుకుని పైకి ఎత్తి చూస్తున్నప్పుడు అతను పక్కన ఉండాలి.

బాబూ, ఈ ఉత్తరం నీ దాకా వస్తుందన్న ఆశతో నీకు కూడా నాలుగు మాటలు. ఒక ఆదివారం పెందలాడే లేచి, ‘అమ్మా, ఇవాళ చీర కట్టుకో’ అని చెప్పి, ఆమె కట్టుకోవడం పూర్తయ్యేదాకా తలుపు బయట కూర్చో. గడియారం చూసుకో. లోపలి నుంచి మూలుగు వినిపిస్తే లేచి వెళ్లిపోకు. నీ ఆఫీసువాళ్లు మీ అమ్మను నైటీలో చూశారని నీకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు అడిగితే, మా ఊరి నీళ్లు మా అమ్మ కీళ్లను తినేశాయి, ఆమెకు చీర కట్టుకోవడం కష్టం అని చెప్పు. ఈ జిల్లాలో ఆ మాటకు నవ్వే మనిషి ఉండడు. తల్లిని వీధిలో కేకలు వేసిన కొడుకు గురించి మాత్రం ఆ రోజు చూసినవాళ్లు తప్పకుండా చెప్పుకుని ఉంటారు. కేకలు అందరి ముందు వేశావు కాబట్టి దిద్దుకోవడం కూడా అందరి ముందే జరగాలి. ఒక పొద్దున ఆమె అదే నైటీలో, అదే తువ్వాలుతో పాలకు వెళుతుంటే సంచి నువ్వు పట్టుకుని పక్కన నడువు. నోటితో ఏమీ అనలేకపోయినా పరవాలేదు.

అమ్మా, మీరు మాత్రం నోరు తెరిచి చెప్పాలి. నైటీ ఎందుకు వేసుకుంటున్నానో తెలుసా అని వాదన మొదలుపెట్టవద్దు. అతను అన్నం తిని కూర్చున్నప్పుడు, ‘నాయనా, నా చేయి ఇంతవరకే లేస్తుంది’ అని లేపి చూపించండి. బెంగ పెట్టుకుంటాడా, పెట్టుకోనివ్వండి. కన్నతల్లి గురించి బెంగ పెట్టుకునే హక్కు కొడుక్కి ఉంది, దాన్ని మీరు ఇన్నాళ్లూ దాచి ఉంచారు.

ఉత్తరం రాసిన మనవరాలా, నీ దస్తూరీ చాలా బాగుంది. ఈ జవాబు నాయనమ్మకు చదివి వినిపించేటప్పుడు మీ నాన్న ఇంట్లో ఉండే వేళ చూసుకో. బాబూ అని మొదలైన భాగం కాస్త గట్టిగా చదువు.