షోరూమ్‌లో పడ్డ మాటకు పొదుపు డబ్బుతో జవాబు చెప్పాలా?

ప్రశ్న: నేను ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తాను. వయసు 41. మాకు ఇద్దరు పిల్లలు. ఇన్నేళ్లూ టూవీలర్ మీదే నెట్టుకొచ్చాం. మొదటిసారి కారు కొందామని ఒకరోజు సైటు నుంచి నేరుగా, పని బట్టల్లోనే, మా ఆవిడను తీసుకుని షోరూమ్‌కి వెళ్లాను. సేల్స్ కుర్రాడు కుర్చీలోంచి లేవలేదు. "అది మీ బడ్జెట్‌లో రాదండీ, పాత కార్లు వెనక ఉంటాయి చూడండి" అన్నాడు. టెస్ట్ డ్రైవ్ అడిగితే బండి లేదన్నాడు. పది నిమిషాల తర్వాత కారులో వచ్చిన వాళ్లకు అదే బండి తాళం ఇచ్చాడు. మా ఆవిడ ముందు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు వేరే షోరూమ్‌లో అదే కారు టాప్ వేరియంట్‌ను మొత్తం డబ్బు ఒకేసారి కట్టి కొని, వీళ్ల గుమ్మం ముందు నుంచి నడుపుకుంటూ వెళ్లాలని ఉంది. డబ్బుంది. కొనొచ్చా? నా అంకెలు మాత్రం బయటపెట్టకండి.

జవాబు: కారు కొనండి. మీ ఆదాయానికీ, మీ ఇంటి అవసరానికీ అది తగిన ఖర్చే. కానీ టాప్ వేరియంట్ వద్దు, మొత్తం డబ్బు ఒకేసారి కట్టడమూ వద్దు. ఇక ఆ గుమ్మం ముందు నుంచి నడపడం మీ ఇష్టం. అయితే ఆ రోజు సేల్స్ కుర్రాడు సెలవులో ఉండొచ్చు, ఉద్యోగం మారి ఉండొచ్చు, ఉన్నా మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు.

మీరు అంకెలు బయటపెట్టొద్దన్నారు కాబట్టి అన్నిటినీ 100కి కుదించి చెబుతాను. పిల్లల చదువు కోసం విడిగా పెట్టింది కాక మీ పొదుపు 100 అనుకుందాం. ఇంటి ఖర్చు నెలకు 4. నెలనెలా మిగిలేది 1.5. మీరు మొదట చూసిన మధ్య వేరియంట్ అన్నీ కలిపి 58 అవుతుంది. టాప్ వేరియంట్ 84. ఇప్పుడు మీ ఉత్తరంలో మీరే ఓ మూల రాసి వదిలేసిన మాట దగ్గరికి వస్తాను. బిల్లులు చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుందన్నారు. అప్పటిదాకా వైర్లు, స్విచ్‌లు, కూలీ డబ్బులు మీ జేబులోంచే వెళ్తాయి. దానికి ఎప్పుడూ 20 తిరుగుతూ ఉండాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు 24. రెండూ కలిపితే 44. ఇది మీరు ముట్టుకోకూడని డబ్బు. టాప్ వేరియంట్‌కి 84 కట్టేస్తే మీ దగ్గర మిగిలేది 16. ఒక్క బిల్లు ఆగితే సరుకు కోసం బయట వడ్డీకి తేవాలి. కారు అప్పు కంటే అది ఎంత ఖరీదైన అప్పో కాంట్రాక్టరుగా మీకు నేను చెప్పక్కర్లేదు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటారే, ఇక్కడ ఆ దుత్త మీ ఫిక్స్‌డ్ డిపాజిట్.

మీకొక్కరికే ఇలా అనిపిస్తోందని అనుకోకండి. మోర్గాన్ వార్డ్, డారెన్ డాల్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. ఖరీదైన బ్రాండ్ల దుకాణాల్లో సిబ్బంది చిన్నచూపు చూస్తే, ఆ బ్రాండ్ మీద ఆశ ఉన్నవాళ్లకు దాన్ని కొనాలన్న కోరిక తగ్గకపోగా పెరిగిందని వాళ్లు చూపించారు. అంటే 58 దగ్గర ఉన్న మిమ్మల్ని 84 దగ్గరికి లాగింది సన్‌రూఫ్ కాదు, ఆ కుర్చీలోంచి లేవని మనిషి. ఆ షోరూమ్‌లో కొనకపోయినా అదే కంపెనీకి మీరు 26 ఎక్కువ కట్టబోతున్నారు. పైగా టాప్ వేరియంట్ మీద అదనంగా పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు అదే లెక్కన వెనక్కి రాదు. పాత కారు కొనేవాడు ముందు ఏడాది, తిరిగిన కిలోమీటర్లు, ఇంజిన్ చూస్తాడు. తెర ఎంత పెద్దదో ఆ తర్వాతే.

ఇక ఆ కుర్రాడి సంగతి. అతన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు, కానీ అతను ఎందుకలా చేశాడో తెలిస్తే మీ మనసులో మంట కాస్త తగ్గుతుంది. సేల్స్ వాళ్లకు జీతం కంటే ఇన్సెంటివ్ మీదే ఆశ ఎక్కువ. నెలకు ఇన్ని బండ్లు అని టార్గెట్ ఉంటుంది. లోపలికి వచ్చిన ప్రతి ఎంక్వయిరీనీ హాట్, వార్మ్, కోల్డ్ అని మూడు రకాలుగా రాసుకుంటారు. ఎప్పుడు కొంటారు, ఎలా కడతారు, పాత బండి ఇస్తారా అని అడిగి వేయాల్సిన ముద్ర అది. ఓపిక లేనివాడు అడగడు, చెప్పులు చూసి వేసేస్తాడు. అతను పారేసుకున్నది అతని ఇన్సెంటివ్. చేతిలో డబ్బు పెట్టుకుని, ఏ మోడల్ కావాలో తేల్చుకుని వచ్చిన మీకంటే హాట్ ఎంక్వయిరీ ఆ రోజు అతనికి ఇంకొకటి వచ్చి ఉండదు.

ఈ జబ్బు డబ్బు సలహాలిచ్చే మా వృత్తిలోనూ ఉంది. నేను కొత్తలో ఉన్నప్పుడు ఒక పెద్దాయన పాత ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పట్టుకుని, కొడుకుతో కలిసి వచ్చారు. కొడుకు చొక్కా ఇస్త్రీ మడత చూసి నేను అరగంట అతనితోనే మాట్లాడాను. చివర్లో కవరు విప్పితే తెలిసింది, పెట్టుబడులన్నీ తండ్రివి, అప్పులన్నీ కొడుకువి. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మళ్లీ రాలేదు కూడా.

మనసు నొచ్చుకోవడం ఒక ఎత్తు. దీనివల్ల చేతి డబ్బు పోవడం మరో ఎత్తు, నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది దాని గురించే. ఇయాన్ ఐరెస్, పీటర్ సీగెల్‌మన్ 1995లో ప్రచురించిన అధ్యయనంలో షికాగో ప్రాంతపు కార్ల డీలర్ల దగ్గరికి శిక్షణ ఇచ్చిన మనుషులను జంటలుగా పంపారు. అలా 300 పైచిలుకు సార్లు. అందరూ బేరమాడిన తీరు ఒక్కటే, మాటలూ ముందే రాసిచ్చినవే. అయినా తెల్లజాతి మగవాళ్లకు చెప్పిన ధర కంటే ఆడవాళ్లకూ, నల్లజాతి వాళ్లకూ ఎక్కువ ధర చెప్పారు. అంటే మనిషిని చూసి వేసిన అంచనా పలకరింపుతో ఆగలేదు, కొటేషన్ దాకా వెళ్లింది. దీనికి విరుగుడు కూడా పరిశోధనలోనే దొరికింది. 2003లో ఫియోనా స్కాట్ మోర్టన్ బృందం అమెరికా కార్ల అమ్మకాలనే చూసి తేల్చింది ఏమిటంటే, ఇంటర్నెట్ ద్వారా ధర తెప్పించుకుని కొన్నప్పుడు మైనారిటీ జాతుల వాళ్లు కట్టిన ధరకూ తెల్లవాళ్లు కట్టిన ధరకూ దాదాపు తేడా లేకుండా పోయింది. ఈమెయిల్‌కి మీ చొక్కా కనపడదు.

కాబట్టి షోరూమ్‌కి ఆఖరున వెళ్లండి. ముందు ముగ్గురు డీలర్లకు ఒకే మెసేజ్ పంపండి: ఫలానా మోడల్, ఫలానా వేరియంట్, ఫలానా రంగు, అన్నీ కలిపిన ఆన్‌రోడ్ ధర ఒక్కో ఖర్చూ విడిగా రాసి పంపమని. కొటేషన్లో బండి ధర, పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్, పొడిగించిన వారంటీ, హ్యాండ్లింగ్ చార్జీ అని వరసలు ఉంటాయి. చట్టం ప్రకారం కట్టాల్సినవి తప్ప మిగతా ప్రతి గీతనూ "ఇది తప్పనిసరా?" అని అడగండి. ఇన్సూరెన్స్ బయట ఎంతకు వస్తుందో కనుక్కోండి. సీట్ కవర్లు, మ్యాట్లు ఆ రోజే కొనకపోతే కారు కదలకుండా ఏమీ ఉండదు.

డబ్బు ఎలా కడతారన్న మాట ధర తేలేదాకా ఎత్తకండి. "మొత్తం క్యాష్ ఇస్తా" అంటే మర్యాద పెరుగుతుందని మీ ఉత్తరంలో రాశారు. పెరగొచ్చు. కానీ చాలా డీలర్‌షిప్‌లకు అప్పు ఇప్పిస్తే కమీషన్ వస్తుంది, కాబట్టి క్యాష్ అనగానే ధర తగ్గుతుందన్న హామీ లేదు.

నేనైతే ఇలా చేస్తాను. మధ్య వేరియంట్ 58లో 40 చేతి నుంచి, 18 మూడేళ్ల అప్పు. వడ్డీ 10 శాతం అనుకుంటే నెల వాయిదా 0.58 దగ్గర, మూడేళ్లలో కట్టే వడ్డీ మొత్తం 2.9. అదే అయిదేళ్లు పెడితే వడ్డీ 4.9 దాకా పోతుంది. నెలకు మిగిలే 1.5లో ఈ వాయిదా, పెట్రోలు, సర్వీసు సర్దుకుంటాయి. మీ దగ్గర 60 ఉంటుంది, ముట్టుకోకూడని 44 భద్రంగా ఉంటుంది. ఆ 2.9 మీ వ్యాపారం ఆగకుండా ఉండటానికి కడుతున్న ఖర్చు అనుకోండి. పని బాగా జరిగి బిల్లులు టైముకి వస్తే ముందే తీర్చేయొచ్చు, అందుకు పెనాల్టీ ఎంతో సంతకానికి ముందే అడగండి.

ఒక్క జాగ్రత్త. ఎవరైనా "8 శాతమే సార్" అంటే అది ఫ్లాట్ రేటా (బాకీ తగ్గుతున్నా, మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ), తగ్గుతున్న బాకీ మీద లెక్కా అని అడగండి. అయిదేళ్ల అప్పుకు 8 శాతం ఫ్లాట్ అంటే, తగ్గే బాకీ లెక్కలో దాదాపు 14 శాతం. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, చదువుకున్నవాళ్లతో సహా.

ఇంకో మాట చెబితే మీకు వింతగా అనిపించవచ్చు. మిమ్మల్ని చిన్నచూపు చూసినవాడి కంటే నెత్తిన పెట్టుకునేవాడి దగ్గర మీ జేబుకు ఎక్కువ ప్రమాదం. మొదటివాడు మీకు ఏమీ అమ్మలేదు. దెబ్బతిన్న మనసుతో రెండో షోరూమ్‌కి వెళ్తారు, అక్కడ "రండి సార్, కూర్చోండి మేడమ్" అని ఏసీ గదిలో కూర్చోబెడతారు, మీ స్థాయికి టాప్ మోడలే బాగుంటుందంటారు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్న మనిషి వద్దనలేడు. అందుకే వేరియంట్ పేరు, గరిష్ఠ ధర ఇంట్లోనే కాగితం మీద రాసి మీ ఆవిడ చేతికివ్వండి. ఆ అంకె దాటాలంటే ఆమె ఒప్పుకోవాలి. బుకింగ్ అడ్వాన్సు కూడా మొదటి రోజు కట్టకండి.

డీలర్‌ను ఎంచుకునేటప్పుడు సేల్స్ హాలు కాదు, సర్వీసు కౌంటరు చూడండి. అమ్మేవాడితో మీకు పని రెండు వారాలు, సర్వీసు వాళ్లతో ఏళ్ల తరబడి. ఒక ఉదయం బండ్లు అప్పజెప్పే టైములో వెళ్లి ఓ అరగంట నిలబడండి. జాబ్ కార్డు (బండికి చేయాల్సిన పనులు రాసే కాగితం) మీద ఖర్చు అంచనా ముందే రాసిస్తున్నారా, చెప్పిన టైముకి బండి ఇస్తున్నారా అని వచ్చినవాళ్లను అడగండి. పని బట్టల్లోనే వెళ్లండి. ఎలా పలకరిస్తారో కూడా అక్కడే తెలిసిపోతుంది.

మొదటి షోరూమ్ మీద ఫిర్యాదు చేయాలనుంటే చేయండి. తేదీ, సమయం, అడిగిన మోడల్, లేదన్న బండిని పది నిమిషాల్లో వేరేవాళ్లకు ఇచ్చిన సంగతి, అంతే రాసి డీలర్‌షిప్ మేనేజరుకీ, తయారీ కంపెనీ కస్టమర్ కేర్‌కీ పంపండి. తిట్లు రాయకండి, చదివేవాడికి సాకు దొరుకుతుంది. పరిహారంగా యాక్సెసరీస్ ఇస్తాం రండి అని ఫోన్ రావచ్చు. దానికి లొంగి అక్కడే కొనాలని లేదు, వాళ్ల కొటేషన్ నిజంగా తక్కువైతే మానాలనీ లేదు.

మూడు కొటేషన్లూ వచ్చాక నాకు పంపండి. వాటిలో ఏ గీతలు కొట్టేయించాలో చూసి చెబుతాను.